మొంథా తుపాను తర్వాత హైదరాబాద్ నుంచి బొబ్బిలికి కారులో: చిట్యాల, మున్నేరు, పారాది దాటేదెలా?

వేగావతి_ఒడ్డు
30 అక్టోబరు 2025, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. సోమవారం, 3వ తేదీన మా నాయనమ్మ సంవత్సరీకం. తిథి ప్రకారం చేసేది కాబట్టి వాయిదా వేసే వీల్లేదు. రైలుకు వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది, పైగా తుపాను వల్ల కొన్ని రైళ్ళు రద్దు చేశారు. ఇక కారే గతి.

ఉప్పల్ నుంచి బొబ్బిలి, దాదాపు 700 కిలోమీటర్లు. ఆరేళ్ళ పాత పెట్రోలు బండి, చిన్నది. నేనొక్కడినే డ్రైవరు. వెనక సీట్లో అమ్మ (68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు), మా ఆవిడ, నాలుగేళ్ళ పాప. మామూలు రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి రాత్రికి ఇంట్లో భోంచేసేవాళ్ళం. ఇప్పుడు మొంథా మొన్న 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. నిన్న వరంగల్, ఖమ్మం వైపు కుండపోత. విజయవాడ హైవే మీద అండర్‌పాస్‌ల పనులు ఎలాగూ ఉన్నాయి.

నేను అనుకున్నది ఇదీ: శుక్రవారం రాత్రి పది గంటలకు బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, తెల్లారేసరికి రాజమండ్రి దాటేస్తాం. ఇంట్లో అమ్మకు టెన్షన్, నాకూ లోపల కొంచెం ఉంది. ఈ దారిలో తిరిగేవాళ్ళు చెప్పండి.

పదిచక్రాలు
30 అక్టోబరు, ఉదయం 9:05

తమ్ముడూ, రాత్రి ప్రయాణం మానుకో. పందొమ్మిదేళ్ళుగా ఈ రోడ్డు మీదే లారీ తిప్పుతున్నాను.

28వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా ఏడు జిల్లాల్లో బళ్ళు ఆపేశారు. కృష్ణా, ఏలూరు, రెండు గోదావరి జిల్లాలు, కోనసీమ, కాకినాడ, అల్లూరి జిల్లాలో చింతూరు, రంపచోడవరం వైపు. ఆపిన లారీలన్నీ ఇప్పుడు ఒకేసారి రోడ్డెక్కాయి. ఆలస్యమైన సరుకు ఎలాగైనా దించాలని ప్రతివాడూ నిద్ర మానుకుని తోలుతున్నాడు. శుక్రవారం రాత్రి నీ ముందూ వెనకా వాళ్ళే ఉంటారు. ఖాళీ రోడ్డు కాదు, నిద్ర లేని రోడ్డు.

ఇంకో సంగతి. గుంతలో నీళ్ళు నిండితే రాత్రి లైటుకు తారు రోడ్డులాగే కనిపిస్తుంది. కొమ్మ విరిగి పడి ఉంటే దగ్గరికి వెళ్ళేదాకా తెలియదు. మాకు ఎత్తు మీద కూర్చుంటాం కాబట్టి కాస్త ముందుగా కనిపిస్తుంది, నీకు ఆ వీలు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎక్కు. గంటన్నరలో వెలుగొస్తుంది.

సూర్యాపేట_సాయి
30 అక్టోబరు, ఉదయం 9:31

నిన్న మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చాను. చిట్యాల రైల్వే వంతెన కింద నీళ్ళు నిలిచినయ్. ఇది కొత్త కథేం కాదు, గట్టి వాన పడ్డప్పుడల్లా అంతే. అటు పని జరుగుతుండె, ఇటు నీళ్ళు, మధ్యలో మనం. కిలోమీటరు దాటడానికి నాకు యాభై నిమిషాలు పట్టింది.

ఈ హైవే మీద ప్రమాదాలు ఎక్కువ జరిగే 17 చోట్ల అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు కడుతున్నరు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, టేకుమట్ల, సూర్యాపేట దగ్గర జనగాం క్రాస్ రోడ్డు, ముకుందాపురం, కొమరబండ, రామాపురం క్రాస్ రోడ్డు... ఇట్ల నవాబుపేట దాకా. అన్నీ ఒకేలా లేవు. కొన్నిచోట్ల పని అయిపోయింది, కొన్నిచోట్ల బండిని సర్వీసు రోడ్డు మీదికి దించుతున్నరు. మొదటి గండం మాత్రం చౌటుప్పల్ నుంచి చిట్యాల మధ్యలనే. దాన్ని తెల్లారకముందు దాటితే సగం పని అయిపోయినట్టే. ఎనిమిది దాటిందంటే పంతంగి టోల్‌గేట్ దగ్గర్నుంచే బ్రేక్ మీద కాలు.

ఖమ్మం_కిట్టు
30 అక్టోబరు, ఉదయం 10:02

విజయవాడకు అసలెందుకు పోవాలి? సూర్యాపేట నుంచి ఖమ్మం నాలుగు వరుసల రోడ్డు సాఫీగా ఉంటుంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి. అక్కణ్ణుంచి కొవ్వూరు, గోదావరి దాటితే రాజమండ్రి. దూరం కూడా తక్కువే. నేను వైజాగ్ ఎప్పుడూ ఇలాగే వెళ్తాను.

మున్నేరు_మనిషి
30 అక్టోబరు, ఉదయం 10:20

కిట్టు గారూ, మామూలు రోజుల్లో మీ మాట నిజం. ఈ వారం కాదు. ఆ దారిలో సత్తుపల్లి దాకా అడుగడుగునా వాగులే. నిన్న పడ్డ వానకు ఎక్కడ ఏ చప్టా మునిగిందో దగ్గరికి వెళ్తే గానీ తెలియదు. కొత్తగా వేస్తున్న ఖమ్మం-దేవరపల్లి 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు పని కూడా జరుగుతోంది. మట్టి లారీలు పాత రోడ్డును దాటే చోట్ల ఈ వానకు బురద ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. చంటిపిల్లతో, పెద్దావిడతో వెళ్ళేవాళ్ళను అటు పంపకండి.

ఖమ్మం_కిట్టు
30 అక్టోబరు, ఉదయం 10:34

ఒప్పుకుంటున్నాను. బురద మాట మర్చిపోయాను. మా మున్నేరు కూడా ఇవాళ పొద్దున్నుంచి పెరుగుతోంది, ఒడ్డున ఉన్న కాలనీల వాళ్ళను జాగ్రత్తగా ఉండమంటున్నారు.

మున్నేరు_మనిషి
30 అక్టోబరు, ఉదయం 11:10

అదే నేను చెప్పబోయేది. మాది నందిగామ పక్కన. బయటివాళ్ళకు తెలియని విషయం ఒకటుంది. మా దగ్గర హైవే మునిగేది మా ఊళ్ళో వాన పడ్డప్పుడు కాదు. మున్నేరు పాకాల వైపు నుంచి మహబూబాబాద్, ఖమ్మం దాటి వస్తుంది. కింద వైరా, కట్టలేరు కలుస్తాయి. వాన అక్కడ పడితే నీళ్ళు ఓ పూటో, ఓ రోజో ఆలస్యంగా నందిగామ దగ్గరి ఐతవరం చేరతాయి. అప్పటికి ఇక్కడ ఎండ కాస్తుంటుంది. జనం ఆకాశం చూసి 'తుపాను పోయిందిలే' అని బయల్దేరతారు.

2023 జూలైలో ఇలాగే జరిగింది. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ ఐతవరం దగ్గర రోడ్డు మీద నీళ్ళు పారాయి, అటు కోదాడ అవతల పాలేరు వాగు పొంగింది. రెండు వైపులా బళ్ళు ఇరుక్కుపోయాయి. ఆ రోజుల్లో కృష్ణలో కూడా వరద ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ నిండుగా ఉంటే మున్నేరును లోపలికి తీసుకోదు, వెనక్కి తంతుంది. ఈసారి కృష్ణలో అంత వరద లేదు, అదొక్కటీ ధైర్యం.

కాబట్టి మీరు చూడాల్సింది నందిగామ వాతావరణం కాదు, ఖమ్మం దగ్గర మున్నేరు మట్టం. శుక్రవారం రాత్రి పడుకునే ముందు అది తగ్గుతోందో పెరుగుతోందో చూడండి. తగ్గుతుంటే శనివారం పొద్దున మా దగ్గర మీకు ఇబ్బంది ఉండదు. అలా చూసినా శుక్రవారం రాత్రి కంటే శనివారం పొద్దునే మేలు.

వేగావతి_ఒడ్డు
30 అక్టోబరు, మధ్యాహ్నం 12:15

ఇన్నేళ్ళుగా మున్నేరు మీది ఆ కీసర వంతెన మీద వెళ్తున్నాను గానీ ఈ లెక్క నాకు తెలియదు. రాత్రి ప్రయాణం రద్దు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు. మరి ఒకవేళ ఐతవరం దగ్గర నిజంగానే ఆపేస్తే? అప్పుడు వెనక్కి రావడమేనా?

కల్వర్టు
30 అక్టోబరు, మధ్యాహ్నం 1:40

రోడ్ల పనిలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నకు జవాబు ఐతవరంలో లేదు, నార్కట్‌పల్లిలో ఉంది.

ఏ దారి మంచిదని అడుగుతారు అందరూ. నేనైతే ఎక్కడెక్కడ మనసు మార్చుకునే వీలుందని అడుగుతాను. మీ దారిలో అలాంటి చోట్లు నాలుగు. మొదటిది నార్కట్‌పల్లి. ముందు రోడ్డు తెగిందని అక్కడ తెలిస్తే కుడికి అద్దంకి రోడ్డు పట్టుకుని నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, గుంటూరు మీదుగా విజయవాడ చేరవచ్చు. 2024లో పోలీసులు బళ్ళను మళ్ళించింది ఇటే. గంట, గంటన్నర ఎక్కువ పడుతుంది, అంతే. ఇది నార్కట్‌పల్లిలో తెలిస్తే గంటన్నర. కోదాడ దాటాక తెలిస్తే సగం రోజు. కాబట్టి నార్కట్‌పల్లికి ముందు ఒక చాయ్ తాగి, ఫోన్ తీసి, నందిగామ వైపు ఎవరినైనా కనుక్కుని కదలండి.

రెండోది సూర్యాపేట. ఖమ్మం వైపు మళ్ళే చోటు, ఈసారి మీకు పనికిరాదు. మూడోది ఇబ్రహీంపట్నం. విజయవాడ ఊళ్ళో నిలిచిపోయిందంటే మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ తేలవచ్చు. నాలుగోది గుండుగొలను. దాని గురించి గోదావరి వాళ్ళు చెప్తే బాగుంటుంది.

పనులు జరిగే చోట్ల గురించి ఒక మాట. సర్వీసు రోడ్డు అంటే హైవేకు తమ్ముడు అనుకోకండి. మందం తక్కువ, పక్క కాలువ ఇంకా పూర్తయి ఉండదు. వాన నీరు అంచు కింద మట్టిని కోసుకుపోతుంది. పైన తారు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కింద డొల్ల. కారు బరువుకు నిలుస్తుంది, లారీ చక్రం పడితే అంచు విరుగుతుంది. అందుకని డైవర్షన్‌లో ఎడమ అంచు పట్టుకుని వెళ్ళకండి, మధ్యలో ఉండండి. పక్కన లారీ వెళ్తుంటే దాన్ని ముందు పోనివ్వండి. కల్వర్టు దగ్గర రోడ్డుకు అడ్డంగా సన్నని పగులు కనబడితే ఇంకా జాగ్రత్త. వంతెన బాగానే ఉంటుంది, దాన్ని ఆనుకున్న మట్టికట్ట కుంగుతుంటుంది.

స్టెప్నీ
30 అక్టోబరు, మధ్యాహ్నం 2:22

> కింద డొల్ల

సార్ ఈ మాట చదివాక నాకు ఇంటి ముందు రోడ్డు మీద నడవాలన్నా భయంగా ఉంది 😄

అసలు విషయానికి వస్తే, టైర్లు చూసుకున్నారా? ఆరేళ్ళ బండి అన్నారు. టైర్లు కూడా ఆరేళ్ళవే అయితే ముందు వాటి సంగతి చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారమే పనికిరావు. తడి రోడ్డు మీద అంతకు చాలా ముందే పట్టు వదులుతాయి. వైపర్ బ్లేడ్లు మార్చండి. స్టెప్నీలో గాలి చూడండి (నా పేరు ఊరికే పెట్టుకోలేదు).

నీళ్ళలో దిగాల్సి వస్తే: మీ ముందున్న బండిని దిగి దాటనివ్వండి. చక్రం సగం కంటే ఎక్కువ మునుగుతోందంటే దిగకండి. ప్రవాహం ఉంటే అంతకంటే తక్కువ లోతైనా వద్దు, అడుగు నీళ్ళు చాలు చిన్న కారును పక్కకు నెట్టడానికి. మొదటి గేరు, ఒకే వేగం, మధ్యలో ఆపొద్దు, గేరు మార్చొద్దు. ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి. లోపలికి నీళ్ళు వెళ్ళి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు. నాకు ఈ పాఠం నేర్చుకోవడానికి 92 వేలు అయింది. అవతలికి వెళ్ళాక బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కండి, ఆరుతుంది.

గోదారి_గట్టు
30 అక్టోబరు, సాయంత్రం 4:50

మాది కొవ్వూరండి. గుండుగొలను దగ్గర ఎడమకు కొత్త నాలుగు వరుసల రోడ్డే పట్టుకోండి. భీమడోలు, నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వచ్చి నాలుగో వంతెన మీద గోదారి దాటేస్తే నేరుగా దివాన్‌చెరువు. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం పాత దారి వద్దండి. తుపాను అటే బలంగా కొట్టింది. కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు పడ్డాయి, తీస్తూ ఉన్నారు. కడియం నర్సరీలు చూపిద్దామని పాపకు మాటిచ్చి ఉంటే ఇంకోసారికి దాచుకోండి.

216 జాతీయ రహదారి వైపు అసలు చూడొద్దు. మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం మీదుగా వెళ్ళే ఆ రోడ్డు ఖాళీగా ఉందని మ్యాప్ ఆకుపచ్చగా చూపిస్తుంది. ఖాళీగా ఎందుకుందో మ్యాప్‌కు తెలియదు కదండీ. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డయితే సముద్రం కోసేసింది.

ఒక రోజులో 700 కిలోమీటర్లు ఒక్కరే నడపొద్దండి. రాజమండ్రిలో ఆగండి. కాకపోతే కార్తీకమాసం, శని ఆదివారాలు. గదులు ఇప్పుడే బుక్ చేసుకోండి, వచ్చాక దొరకవు. దివాన్‌చెరువు వైపు తీసుకుంటే పొద్దున్నే ఊళ్ళోంచి బయటపడే పని ఉండదు.

నిర్వాహకుడు
30 అక్టోబరు, సాయంత్రం 6:15

పంట నష్టపరిహారం మీద, ఏ ప్రభుత్వం ఎంత చేసింది అన్న దాని మీద వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాను. దానికి వేరే చోటుంది. ఇక్కడ రోడ్డు గురించి మాత్రమే.

బ్యాటరీ_బండి
30 అక్టోబరు, రాత్రి 8:03

నాకూ శనివారం వైజాగ్ వెళ్ళాలి, కానీ నాది ఎలక్ట్రిక్ కారు. ఛార్జింగ్ పాయింట్లు పనిచేస్తుంటాయా?

పదిచక్రాలు
30 అక్టోబరు, రాత్రి 8:20

తమ్ముడూ, పెట్రోలు బంకులకే కరెంటు లేక జనరేటర్ మీద నడుస్తున్నాయి కొన్నిచోట్ల. విజయవాడలో ఫుల్ చేసుకో. సగం తగ్గేదాకా ఆగొద్దు, ఎక్కడ పాయింటు కనబడితే అక్కడ పెట్టుకో. ముందే ఫోన్ చేసి అడుగు, యాప్‌లో పచ్చగా చూపించినంత మాత్రాన నమ్మొద్దు.

పెట్రోలు బండ్ల వాళ్ళకు కూడా అదే మాట. సూర్యాపేటలో ట్యాంకు నింపుకోండి. జేబులో మూడు నాలుగు వేలు నోట్లు ఉంచుకోండి. టవర్ పడిపోయిన చోట ఫోన్‌పే లేదు, గీన్‌పే లేదు. మ్యాప్ కూడా ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

సూర్యాపేట_సాయి
30 అక్టోబరు, రాత్రి 8:41

డబ్బుల మాట వచ్చింది కాబట్టి: ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నవాళ్ళు వినండి. అది జాతీయ రహదారుల మీద మాత్రమే పనిచేస్తది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అన్నీ దాని కిందికి వస్తయ్. కానీ డైవర్షన్‌లో రాష్ట్ర రహదారి మీదికి మళ్ళితే అక్కడి టోల్‌కు ఫాస్టాగ్‌లో మామూలుగా డబ్బులుండాలె. పాస్ ఉందికదా అని బ్యాలెన్స్ సున్నా పెట్టుకుని అటు పోయిన మా బావమరిది కథ మీకు చెప్తే నవ్వుతరు.

రాజాం_రోడ్డు
30 అక్టోబరు, రాత్రి 9:30

ఇంతమంది రాజమండ్రి దాకా తెచ్చి వదిలేశారు, మిగతాది నేను చెప్తాను. మాది బొబ్బిలికి దగ్గరే.

రాజమండ్రి నుంచి జగ్గంపేట, కత్తిపూడి, తుని, అనకాపల్లి. రోడ్డు పర్లేదు. అన్నవరం దగ్గర మాత్రం కార్తీకమాసం ఆదివారం అంటే సత్యదేవుడి వ్రతాలకు వచ్చే జనం బళ్ళన్నీ హైవే మీదే తిరుగుతాయి. ఏడున్నర లోపు దాటేయండి. అనకాపల్లి దగ్గర వైజాగ్ ఊళ్ళోకి వెళ్ళకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల రోడ్డు ఉంది, 50 కిలోమీటర్లు. అది పట్టుకుంటే నగరం బాధ లేదు. ఆనందపురం నుంచి విజయనగరం.

అసలు ప్రశ్న విజయనగరం తర్వాతే. గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలి వెళ్తే పారాది దగ్గర వేగావతి దాటాలి. మీ పేరులోనే ఆ ఏరు ఉంది కాబట్టి వంతెన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పాతది ఎన్నేళ్ళుగానో బలహీనం. పక్కన వేసిన తాత్కాలిక దారి ఏటికి నీళ్ళొస్తే నమ్మకం లేనిది. ఆదివారం పొద్దున మీవాళ్ళకు ఫోన్ చేసి, ఆ రోజు బళ్ళు వెళ్తున్నాయా అని అడగండి. 'మొన్న వెళ్ళాం' అంటే లెక్క కాదు. అనుమానంగా ఉంటే విజయనగరం నుంచి చీపురుపల్లి, రాజాం మీదుగా రండి. చుట్టే, గుంతలు కూడా ఉంటాయి, కానీ గుంత మనల్ని ముంచదు.

వేగావతి_ఒడ్డు
30 అక్టోబరు, రాత్రి 10:12

ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని మా ఆవిడకు ఇచ్చాను. ఫోన్ నంబర్లు కూడా రాసింది, జాతీయ రహదారుల సహాయానికి 1033 పైన పెద్ద అక్షరాల్లో. అమ్మ చదివి 'వీళ్ళెవరో మనవాళ్ళేరా' అంది.

కల్వర్టు
31 అక్టోబరు, ఉదయం 7:20

కాగితం మంచిది. ఒక్కటి కలపండి: ఏ చోట ఎంతసేపు ఆగితే తిరిగిపోవాలో కూడా రాసుకోండి. ఇరవై నిమిషాలు కదలకపోతే దిగి అడగాలి, గంట కదలకపోతే నిర్ణయం మార్చాలి. ఇది ఇంట్లో కూర్చుని రాసుకుంటేనే పనిచేస్తుంది. బండిలో కూర్చున్నాక 'ఇంకో పది నిమిషాలు చూద్దాం' అని మూడు గంటలు గడిపేస్తాం. డివైడర్ మధ్య ఖాళీలోంచి అవతలి వైపు రోడ్డు మీద ఎదురు వెళ్ళేవాళ్ళ వెనక మాత్రం పోకండి. జామ్ విడిపోకుండా చేసేది వాళ్ళే.

మున్నేరు_మనిషి
31 అక్టోబరు, రాత్రి 9:15

ఖమ్మంలో ఉన్న మా అన్నయ్యతో మాట్లాడాను. మున్నేరు తగ్గుముఖం పట్టిందట. మా దగ్గర ఏరు నిండుగా, ఎర్రగా పోతోంది గానీ రోడ్డుకు చాలా కిందే ఉంది. రండి.

ఖమ్మం_కిట్టు
31 అక్టోబరు, రాత్రి 9:28

ఔను, ఇక్కడ కూడా తగ్గుతోంది. సుఖంగా వెళ్ళిరండి.

వేగావతి_ఒడ్డు
1 నవంబరు, సాయంత్రం 5:45

రాజమండ్రి చేరాం. అందరికీ పేరుపేరునా చెప్పుకోవాలి.

పొద్దున 4:40కి బయల్దేరాం. చౌటుప్పల్ దాటేసరికి చీకటే. పెద్దకాపర్తి దగ్గర సర్వీసు రోడ్డు మీదికి దించారు, కల్వర్టు గారి మాట గుర్తొచ్చి మధ్యలోనే వెళ్ళాను, వెనక కారువాడు హారన్ కొట్టి చంపాడు. చిట్యాల వంతెన కింద నీళ్ళు తోడేశారు, బురద మిగిలింది. పావుగంటలో దాటాం. నార్కట్‌పల్లి ముందు చాయ్ తాగి కనుక్కుంటే దారి బాగానే ఉందన్నారు.

నేను అనుకోనిది సూర్యాపేట తర్వాత జరిగింది. ముకుందాపురం దగ్గర డైవర్షన్‌లో లారీ ఒకటి అంచు దిగి ఒరిగింది. ఇరవై నిమిషాలకు దిగి అడిగాను, క్రేన్ వచ్చిందన్నారు. నలభై ఐదు నిమిషాలకు కదిలింది. కాగితం మీద గంట అని రాసి ఉండకపోతే నేను అప్పటికే ఆ ఎదురు రోడ్డు ఎక్కేవాళ్ళ వెనక పోయేవాణ్ణి, నిజం చెప్తున్నాను. కీసర వంతెన మీద పాప కిటికీలోంచి చూసి 'నాన్నా, టీ నది' అంది.

విజయవాడలో దుర్గమ్మ గుడి దగ్గర జనం, గంట పోయింది. గన్నవరం తర్వాత సాఫీ. గుండుగొలను నుంచి కొవ్వూరు దారిలో అక్కడక్కడా కొమ్మలు పక్కకు లాగి ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

బ్యాటరీ_బండి
1 నవంబరు, రాత్రి 7:10

నేను ఏలూరులో ఉన్నాను. మొదటి పాయింటులో కరెంటు లేదు, రెండోదానికి నా ముందు నలుగురు. పదిచక్రాలు అన్న చెప్పినట్టు విజయవాడలో నింపుకున్నాను కాబట్టి తోసుకుంటూ వెళ్ళే పరిస్థితి రాలేదు. పడుకుని పొద్దున బయల్దేరతా.

వేగావతి_ఒడ్డు
2 నవంబరు, మధ్యాహ్నం 2:05

ఇంటికొచ్చేశాం. అన్నవరం ఏడుంబావుకే దాటాం, అప్పటికే బళ్ళు బారులు. ఆనందపురం దగ్గర ఆగి మావయ్యకు ఫోన్ చేస్తే పారాది దగ్గర కార్లు మెల్లగా వెళ్తున్నాయన్నాడు. సరే అనబోతుంటే అమ్మ ఫోన్ లాక్కుని 'నువ్వు వెళ్ళి చూసొచ్చి చెప్తున్నావా, కూర్చుని చెప్తున్నావా' అని అడిగింది. కూర్చునే చెప్తున్నాడట. చీపురుపల్లి, రాజాం మీదుగా వచ్చాం. గుంతల గురించి రాజాం_రోడ్డు గారు చెప్పింది తక్కువే.

తిరుగు ప్రయాణం 5న అనుకుంటున్నాను.

గోదారి_గట్టు
2 నవంబరు, మధ్యాహ్నం 2:40

5న కార్తీక పౌర్ణమండి. ఆ రోజు గోదారి దాటాలనుకోవద్దు. 6న రండి.

స్టెప్నీ
2 నవంబరు, మధ్యాహ్నం 2:44

రాజాం రోడ్డు దిగారు కదా. బొబ్బిలిలో వీల్ అలైన్‌మెంట్ చేయించుకుని బయల్దేరండి.